అమ్మ మిగిల్చిన చక్కెర

పోయిన నెల బంధువుల పెండ్లిలో ఆకులో చిరోటి వేశారు. పొరలన్నీ అతుక్కుపోయి, పైన చక్కెర సున్నం కొట్టినట్టు దట్టంగా ఉంది. వడ్డించిన పిల్లవాడి మొహం చూసి, ఒక ముక్క తుంచబోయాను. పక్కన కూర్చున్న పెద్దమనిషి, మాకు దూరపు వరసవాడు, అప్పుడే మొదలుపెట్టాడు.

"మీకు తెలుసునో లేదో, ఈయమ్మ వాళ్ళ నాయన అంటే సామాన్యుడు కాదప్పా. కంట్రోల్ కాలంలో కట్టుకున్న పెండ్లాం అంగట్లో చక్కెర తీసిందని తానే ఆఫీసరుకు చెప్పేసినాడంట. అట్లాంటి మనిషి ఇప్పుడు యాడుండాడు చెప్పు?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒకావిడ చెంపలేసుకుంది కూడా. నేను ఆకు మడిచి లేచిపోయాను. కాలు నొప్పి అని చెప్పాను కానీ కాలికేమీ కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. తొంభై దగ్గరపడ్డ ముసలిదానికి ఇంత కోపం దేనికని మా కోడలు అడిగింది. ఈ కథ నేను వినడం వందోసారి అయి ఉంటుంది. ప్రతిసారీ నోరు మూసుకుని విన్నాను. ఇంక వినలేను.

మా అంగడి కన్నడ సీమలో, గుడిబండె కొండ కింద ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒకటే తలుపు. యుద్ధం ఎక్కడో జరుగుతోందనేవాళ్ళు. మాకు తెలిసిందల్లా బస్సు బొగ్గుతో నడవడం, కిరసనాయిలు దీపం తొందరగా ఆర్పమనడం, చక్కెర కార్డుకు ఇంత అని ఇవ్వడం. ఆ కంట్రోల్ చక్కెర మా ఊరికి పంచే పని నాయనకు ఇచ్చారు. నెలలో ఒక పొద్దు మా అంగడి ముందు ఊరంతా వరుస కట్టేది.

చక్కెర మా అంగట్లో మూటలకొద్దీ ఉండేది, మా ఇంట్లో మాత్రం ఉండేది కాదు. నాయన ఇంటికి కూడా కార్డు లెక్కనే తూచి ఇచ్చేవాడు. "ఊరోళ్ళ నోట్లో పడితే బతకలేం," అనేవాడు. ఆ మాట పదిమంది వినేటట్టు అనడం ఆయనకు ఇష్టం. మాకు వచ్చే ఆ కాస్తలో సగం జేజి కాఫీకే పోయేది. జేజి అంటే నాయన వాళ్ళ అమ్మ. కాఫీలో తీపి ఒక చుక్క తగ్గితే ఇల్లు పీకి పందిరి వేసేది. మిగిలిన సగంలో నాయన కాఫీ, పండగ పూట నైవేద్యం. వాటికి పోగా అమ్మకూ నాకూ చెరో గుప్పెడు మిగిలేది, కాఫీలోకి మాత్రం బెల్లమే. వీధిలోవాళ్ళు మాత్రం, "మీకేం తల్లీ, చక్కెరలో పొర్లాడతాండారు," అనేవాళ్ళు. వాళ్ళకేం తెలుసు!

ఒకసారి మిట్టేమరి నుంచి శనక్కాయలు తోలుకొచ్చిన రైతు అంగట్లో పని చూసుకుని, పెరటి వైపు వచ్చి అమ్మను పిలిచాడు. మిట్టేమరి అమ్మ పుట్టిల్లు.

"మీయమ్మకు ఒంట్లో బాగలేదమ్మా. కూడు సరిగా తినడంల్యా. నా కూతురి చేతి చిరోటి ఒగటి తింటే చాలు, అంటాది. ఎప్పుడొస్తావో అడగమనింది."

అమ్మకు చిరోటి నేర్పింది ఆమె, మా అవ్వే. అవ్వ చేసే చిరోటి కోసం చింతామణి దాకా పెండ్లిండ్ల వాళ్ళు బండి కట్టుకొచ్చి పిలుచుకుపోయేవాళ్ళంట. చూపు తగ్గాక ఆమె పొయ్యి దగ్గర కూర్చోవడం మానేసింది. అమ్మ పుట్టింటికి పోయి అప్పటికి మూడేండ్లయింది. ఎప్పుడడిగినా నాయనది ఒకటే మాట, "పంపక దినాలు పోనీ, చూద్దాం." కంట్రోల్ పంపకం లేని దినం కూడా చూద్దామనే అనేవాడు.

ఆ రోజు అమ్మ ఏడవలేదు. అటక మీది నుంచి పింగాణీ జాడీ ఒకటి దించి, కడిగి, ఎండబెట్టింది. ఆ నెల నుంచి తన వాటా చక్కెర, నా వాటా చక్కెర అందులో పడ్డాయి. జేజి కాఫీ నుంచి కూడా రోజుకు చిటికెడు. ఆ చిటికెడు సంగతి జేజికి తెలియకుండా కాఫీలో ఇంకాస్త పాలు పోసేది. నన్ను కూర్చోబెట్టి ఒప్పించింది.

"నీది కూడా ఇందులో యేస్తా. అవ్వకు చేసినప్పుడు ఫస్టు వాయి నీకే. సరేనా?"

"రెండు ఇస్తావా?"

"మూడిస్తా. జాడీ జోలికి పోగాకు."

నేను పోకుండా ఉంటానా! వేలు నాలుక మీద తడిచేసి జాడీలో ముంచి తీసేదాన్ని. అమ్మకు తెలిసేది. చక్కెర పైన గుంట కనిపిస్తే, ఏమీ అనకుండా జాడీ కుదిపి చదును చేసి పెట్టేది. చీమలు పట్టకుండా జాడీని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టింది. నాలుగు నెలలు పట్టింది జాడీ మెడ దాకా నిండడానికి. అందులో ఒక్క గింజ అంగడిది కాదు. ఈ మాట నేను ఎక్కడికొచ్చైనా, ఎవరి ముందైనా ప్రమాణం చేసి చెబుతాను. ఇప్పుడు చెబుతాను. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు.

అవ్వకు బాగలేదని చివరికి నాయన సరేనన్నాడు. మిట్టేమరి బస్సుకు రేపనగా ఈ పొద్దు చిరోటి పొయ్యి వెలిగింది. ఇంటెడు చాకిరీ తెల్లవారే ముగించి, అమ్మ సన్నరవ పిండి నెయ్యి పోసి కలిపి, రోట్లో వేసి రోకలితో దంచింది. చిరోటి పిండి చేత్తో పిసికితే చాలదు, దెబ్బ తినాలి. దంచి దంచి, చెవి తమ్మెలా మెత్తనయ్యాక తడిబట్ట కప్పింది. ఇంకోపక్క నేను పళ్ళెంలో నెయ్యి, బియ్యప్పిండి వేసి అరచేత్తో రుద్దాను. అది తెల్లగా నురుగు కట్టాలి. దాన్ని సాటి అంటారు. నా చెయ్యి నొప్పెట్టింది, అయినా రుద్దాను, మూడు చిరోటీలు నావి కదా.

పలచగా వత్తిన రొట్టె మీద సాటి పూసి, దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి పరచి, చాపలా చుట్టి, వేలెడు ముక్కలు కోసింది. ఒక్కో ముక్కనూ పొరలు పైకి కనపడేటట్టు నిలబెట్టి, అరచేత్తో అదిమి, అప్పడాల కర్రతో ఒకే ఒకసారి తిప్పింది. రెండోసారి తిప్పితే పొరలు చస్తాయంది.

జేజి తన మంచం దగ్గర నుంచే కేకేసింది. "అంగడి తట్టు తలుపెయ్యండే! బాణలి పొయ్యి మీద ఉండేటప్పుడు పరాయి కన్ను పడితే చిరోటి పొర విప్పదు."

మా ఇండ్లలో అందరూ అదే నమ్మేవాళ్ళు. చిరోటీ, పేణీ వండేటప్పుడు తలుపు మూసే వండేవాళ్ళు. అమ్మ నవ్వి తలుపు గడియ పెట్టించింది. ఆ గడియే తరవాత మాకు నేరమయింది.

నూనె కాగింది. అమ్మ చిరోటి జారవిడిచి, గరిటెతో వేడి నూనె పైన పోస్తూ ఉంటే పొరలు ఒక్కొక్కటే విప్పుకున్నాయి. ఆ వాసన ఇప్పుడు ఏ వంటవాడి దగ్గరా రాదు. జల్లిగంటెతో తీసి, నూనె ఓడేటట్టు వెదురు తట్టలో నిలబెట్టింది. జాడీలో చక్కెర ముందే దంచి, పలచని బట్టలో జల్లించి, యాలకుల పొడి కలిపి పెట్టింది. వేడి మీద చల్లితే చక్కెర కరిగి పాకమవుతుంది. పూర్తిగా ఆరితే అంటుకోదు. గోరువెచ్చగా ఉన్నప్పుడే చల్లాలి. అమ్మ ఒక చిరోటిని చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు చల్లింది. నాకు మూడు చిరోటీలు మూకుట్లో వేరే పెట్టి, "అవ్వ పేరు చెప్పుకోని దేవుని ముందర పెట్టి తిను," అంది.

నేను దేవుని గూటి ముందు పెట్టాను. తినలేదు. ఎందుకంటే అప్పుడే తలుపు దబదబా కొట్టారు.

ఏం జరిగిందో చెప్పాలంటే ఒక వారం వెనక్కు పోవాలి. ఊళ్ళో ఒక పెద్దాయన ఇంట్లో పెండ్లి. ఆయన మనిషి సాయంత్రం మా అంగడికి వచ్చాడు. నాయన మూట విప్పి, చక్కెర తువ్వాలులో పోసి ముడివేసి ఇచ్చాడు. కార్డు లేదు, చీటీ లేదు. నేను గడపలో కూర్చుని చూశాను. నాయన నన్ను చూసి, "లోపలికి పో," అన్నాడు. అంతే. పెద్దవాళ్ళ ముందు చేతులు కట్టుకోవడం ఆయనకు అలవాటు. చెప్పేవి మాత్రం శ్రీరంగనీతులు.

ఆ పొద్దు ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. కన్నడం మాట్లాడే మనిషి, టోపీ, లావు మీసం, వెనక ఒక బంట్రోతు. మూట తూచాడు. తగ్గింది. ఎందుకు తగ్గిందని అడుగుతుండగానే మా ఇంట్లోంచి చిరోటి వాసన అంగట్లోకి వచ్చింది. నాయనకు ఆ క్షణంలో దారి దొరికింది. ఆ దారి ఆయన వెదుక్కున్నాడో, దానంతటది కాలికి తగిలిందో నాకు తెలీదు. నడిచింది మాత్రం ఆయనే.

"తలుపు తియ్యే!" అన్నాడు బయట నుంచి. నేను గడియ తీశాను.

ఆఫీసరు చెప్పులతోనే వంటింటి గడప దాకా వచ్చాడు. తట్ట నిండా చిరోటీలు, పైన తెల్లగా చక్కెర. అమ్మ గరిటె పట్టుకునే లేచి నిలబడింది. కొంగు భుజం మీదుగా లాక్కుంది.

"స్వామీ, నా తప్పేం లేదు," అన్నాడు నాయన. "నేను సంతకు పోయినప్పుడు మా ఇంటిది తీసినట్టుండాది. తలుపేసుకోని వండుతాండారు చూడండి. నాకు తెలీదు స్వామీ. రాసుకోండి, నా నోటితోనే చెప్తాండ. నా పెండ్లామని నేను దాచను."

అమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె నాయన మొహం చూసింది, తట్ట చూసింది.

"నేను తీలేదు. అది మా కార్డు చక్కెర. నాలుగు నెల్ల నుంచి పెట్టుకుంటి. కావాలంటే ఆ జాడీ చూడండి..."

"నోరు ముయ్యి! లోపలికి పో!"

లోపలికంటే ఇంకెక్కడికి పోవాలి? ఆమె ఉన్నదే లోపల. ఆమె వంటింట్లోకే కదా వాళ్ళు వచ్చింది! జేజి మంచం మీద నుంచి లేచి వచ్చింది, కొడుకు మొహం చూసింది, మళ్ళీ పోయి పడుకుంది. ఆ జేజిని కూడా నేను క్షమించలేదు.

ఆఫీసరు తట్టలోంచి ఒక చిరోటి తీసుకుని కొరికాడు. మీసం మీద చక్కెర పడింది. "భలే చెన్నాగిదె," అన్నాడు బంట్రోతుతో, బాగుందని. ఇంకొకటి తీసి వాడికిచ్చాడు. తింటూనే నా వైపు వంగాడు.

"నిజ హేళమ్మా. సక్కరె ఎల్లింద బంతు?"

నిజం చెప్పమంటున్నాడని నాకు బాగా అర్థమయింది. బడిలో కన్నడమే కదా చదివేది. చక్కెర ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఇంట్లో అమ్మ తరవాత నాకే తెలుసు. మూట ఎందుకు తగ్గిందో కూడా నాయన తరవాత నాకే తెలుసు. నాయన వైపు చూశాను. ఆయన నన్ను బెదిరించలేదు. బెదిరించి ఉంటే భయపడి చెప్పలేదని ఇవాళ అనుకునేదాన్ని. ఆయన నన్ను బతిమాలుతున్నట్టు చూశాడు. అంత పెద్ద మనిషి నన్ను ఎప్పుడూ అలా చూడలేదు. నాకు గొప్పగా అనిపించింది. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం.

"గొత్తిల్ల," అన్నాను. తెలీదని.

అమ్మ నా వైపు చూడలేదు. పొయ్యి మీద బాణలి దించింది. నూనెలో మిగిలిన చిరోటి మాడిపోయింది.

వీధిలో ఇద్దరిని సాక్షులుగా పిలిచి మహజరు రాశారు. తట్టతో సహా చిరోటీలు సాక్ష్యమని పట్టుకుపోయారు. దేవుని గూటి ముందున్న మూడూ కూడా వదల్లేదు. సాక్ష్యం ఆఫీసు దాకా చేరిందా? ఊరు దాటకముందే బంట్రోతు తింటూ పోవడం వీధిలో పిల్లలు చూశారు. అంగడివాడు తానే ఒప్పుకున్నాడు కాబట్టి పోనీలే అని ఆఫీసరు మందలించి వదిలేశాడు. కంట్రోల్ చక్కెర పంచే పని మా అంగడికే ఉండిపోయింది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. ఏమని? "శెట్టి నిజాయితీ చూసినారా! సొంత పెండ్లాన్నే విడవలేదు!" అని. అంతకుముందు నాయనను అనుమానించే వాళ్ళు కూడా ఆ పొద్దు నుంచి చేతులెత్తి మొక్కారు. పంచాయితీలకు పెద్దమనిషిగా పిలిచారు. ఇంట్లో దొంగతనం అంటగట్టి బయట ధర్మరాజయ్యాడు. ఆ పేరు మీదే ఆయన చచ్చేదాకా బతికాడు. చచ్చాక కూడా బతుకుతున్నాడు, పెండ్లి పంక్తుల్లో.

అమ్మ మరునాడు బస్సెక్కలేదు. వట్టి చేతులతో ఎలా పోతుంది? మాటకు మాత్రం బస్సూ అక్కర్లేదు, చేతిలో తట్టా అక్కర్లేదు. అది ముందే మిట్టేమరి చేరింది. పది దినాలకు ఆ రైతే మళ్ళీ పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. తలపాగా విప్పి చేతిలో నలిపాడు.

"ఏమనింది మాయమ్మ? చెప్పప్పా," అంది అమ్మ.

"ఏమనుకోగాకమ్మా. దొంగ చక్కెర చిరోటి తిని నేను పోను అనింది. అట్లేం కాదులేమ్మా అని నేనంటి. కట్టుకున్నోడే చెప్పినాడంటే అబద్ధం ఎట్లయితాది, అనింది."

ఆ వారంలోనే అవ్వ పోయింది. అమ్మ మిట్టేమరి చేరేసరికి కట్టె మీద పెట్టేశారు. అవ్వ తన కూతురు దొంగ అనుకునే పోయింది. నాయనకు అది తెలుసు. అయినా నోరు విప్పలేదు. మిట్టేమరిలో పదిమంది ముందు అవ్వ కోసం పెద్దగా ఏడ్చాడు కూడా. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు పటపటమంటాయి.

అవ్వ కర్మల తరవాత అమ్మ తిరిగొచ్చింది. పోట్లాడలేదు. అలగలేదు. అందరికీ అన్నం పెట్టింది. నెలాఖరు చక్కెర పంపకం నాడు మాత్రం తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, కార్డు చేత పట్టుకుని, పెరటి గుమ్మం నుంచి వీధిలోకి పోయి, చుట్టూ తిరిగి వచ్చి, మా అంగడి ముందు వరుసలో చివర నిలబడింది. మా ఇండ్ల ఆడవాళ్ళు అంగడి ముందుకు రావడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎండలో అంతసేపూ నిలబడింది. తన వంతు వచ్చింది.

"అప్పా, నా చక్కెర తూచియ్యప్పా," అంది.

అప్పటిదాకా ఆమె నాయనను పదిమందిలో పిలిచి ఎరగదు. ఇంట్లో అయితే 'ఇదో' అనేది. ఊళ్ళో పరాయి అంగడివాణ్ణి పిలిచినట్టు 'అప్పా' అని పిలిచింది. నాయన తక్కెడ ఊగిపోయింది.

"ముల్లు నిలబడనీప్పా. అందరూ చూడనీ," అంది. తూచాక పొట్లం ఎత్తి వెనకవాళ్ళకు చూపించింది. "చూసినారా అమ్మా, నాకొచ్చేది ఇంతే."

మొదటి నెల నవ్వారు. రెండో నెల కొందరు నవ్వారు. మూడో నెల ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు పొట్లాన్ని కాదు, నాయన మొహాన్ని చూడడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం నాయన వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాడు. "నీకేం కావల్ల చెప్పు. చీరా? మిట్టేమరికి పోతావా? ఏదైనా చెప్పు. వరుసలో మాత్రం నిలబడగాకు."

అమ్మ తల ఎత్తలేదు. "ఊరందరి ముందర అంటివి. ఊరందరి ముందరే అను, 'నేను అబద్ధం చెప్తి' అని. ఆ పొద్దు నుంచి రాను."

మూడు మాటలు. అంతకంటే ఆమె ఏమీ అడగలేదు. ఆయన ఆ మూడు మాటలూ అనలేదు. కంట్రోల్ ఎత్తేసేదాకా, అన్ని నెలలూ, ఆమె వరుసలో నిలబడింది. వానలో నిలబడింది. జ్వరంతో నిలబడింది. చిరోటి పొయ్యి మాత్రం మా ఇంట్లో మళ్ళీ వెలగలేదు.

నాయనను తిట్టాను, జేజిని తిట్టాను, ఆ ఆఫీసరును తిట్టాను. ఇంకొకటి చెప్పకపోతే నేనూ నాయన కూతుర్నే అవుతాను. ఆ పంపకం నాళ్ళలో నేనెక్కడ ఉన్నాననుకున్నారు? వరుసలో అమ్మ పక్కన లేను. అంగడి లోపల, నాయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పాత కాగితాలతో పొట్లాలు చుట్టేదాన్ని. తూచిన చక్కెర నా చేతుల్లోంచే పోయేది. అమ్మ పొట్లం కూడా నేనే చుట్టి, దారం కట్టి ఇచ్చేదాన్ని. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, అది తీసుకుని, వేరేవాళ్ళ అంగట్లో వేరేవాళ్ళ పిల్లతో అన్నట్టు, "వస్తానమ్మా," అని పోయేది.